అరవై నిమిషాల క్యాసెట్టు

కాశీబుగ్గ బస్టాండు వెనక
బెహరా రికార్డింగ్ సెంటరుకి
ఒక ఆదివారం ఏడుగురం కలిసి వెళ్ళాం.
తలా నాలుగు రూపాయలు
కొంగు ముడుల్లోంచి, ఒకావిడ రవికలోంచి.
దాలమ్మ తన చిల్లర రెండుసార్లు లెక్కపెట్టి
"నాకు రెండు పాటలు రావాల" అంది.

చీటీ రాసింది నేను.
ఏడో తరగతి దాకా వెళ్ళినదాన్ని నేనొక్కదాన్నే.
అయినా పాటల పేర్లు ఎవరికి తెలుసు?
"పడవ మీద ఎర్ర చొక్కాతో నిలబడతాడు, అది."
"వానలో ఆ పిల్ల గొడుగు పారేస్తాది సూడు, అది."
బెహరా కళ్ళు మూసుకుని విని
మందుల షాపువాడు డాక్టరు రాత చదివినట్టు
ఒక్కొక్కటే పోల్చుకున్నాడు.
జీడి చమురు అంటిన ఆ కాగితాన్ని మాత్రం
అంచున, రెండు వేళ్ళతో పట్టుకున్నాడు.

పన్నెండు పాటలు.
ఆఖరిది బృందావతి అడిగింది. అది సగంలో తెగిపోయింది.
"టేపంతే ఉంది తల్లీ,
మిగతాది మా ఇంటికాడ నుంచి తెచ్చి అతికిస్తానేటి?"

హేమవతి తమ్ముడు ఖరగ్‌పూర్‌లో కొన్న టేపురికార్డరు
షెడ్డులో గోనెసంచి మీద కూర్చునేది.
కూడు తిన్నాక రెండున్నర దాకానే, అన్నాడు గుమస్తా.
జోరు పాటకి గింజ ఎక్కువ తెగుతోందని కనిపెట్టి
నాలుగు దాకా పొడిగించాడు.
ఏడుపు పాట వస్తే తనే పరిగెత్తుకొచ్చి
ముందుకు తిప్పేసేవాడు.
హౌరా మెయిలు పోయినప్పుడల్లా
ఒక చరణం దాని కింద పడిపోయేది.
మేం నోటితో పూడ్చేవాళ్ళం.

ఆ ఆఖరి పాట.
రెండో చరణంలో వయొలిన్లు ఆగి
ఆయన గొంతు బాగా తగ్గించి
"ను" అంటాడు.
టక్.
ఏడుగురం ఒక్కసారే "నువ్వు" అని పూర్తి చేసేవాళ్ళం.
ఆ వయసులో "ను" తర్వాత ఇంకేం ఉంటుంది?

సాయంత్రం గేటు దగ్గర విడిపోతూ
"ను" అని ఒకరు, "టక్" అని ఒకరు.
హేమవతి పెళ్ళై సోంపేట వెళ్ళిపోతూ
బస్సు కిటికీలోంచి ఏదో అంది.
ఇంజను మోతలో వినపడలేదు గానీ
పెదాలు చూశాను. టక్.

తిత్లీ తుఫానుకి పెంకులు ఎగిరిపోయిన రాత్రి
ట్రంకు పెట్టెలో నీళ్ళు నిండాయి.
మర్నాడు పడిపోయిన జీడిచెట్టు కొమ్మకి
టేపు చుట్టుకుని మెరుస్తోంది.
ఎవరూ ఏడవలేదు. అప్పుడు ఏడవడానికి చాలా ఉన్నాయి.

ఇప్పుడు మంగళవారం, శుక్రవారం
పలాస ఆస్పత్రిలో బృందావతి.
రక్తం గొట్టంలోంచి బయటికెళ్ళి, కడుక్కుని, తిరిగొస్తుంది.
"నాలుగ్గంటలంటే ఎంతనుకున్నావే?
క్యాసెట్టు రెండేపులా నాలుగుసార్లు."

మొన్న దాని మేనకోడలు ఫోన్లో ఆ పాట వెతికిపెట్టింది.
ఇయర్‌ఫోను ఒకటి దాని చెవిలో, ఒకటి నా చెవిలో.
రెండో చరణం. వయొలిన్లు ఆగాయి.
ఇద్దరం ఊపిరి బిగబట్టాం.

"నుదుటి" అన్నాడు.

నువ్వు కాదట. నుదుటి మీద ఏదో,
బొట్టో, చెమటో.
ఆ తర్వాత ఒకటిన్నర నిమిషం
ఎవరిదో పాట నడిచింది.
"ఇంకా ఉందేటి?" అంది బృందావతి.
పాటనడిగిందో, మిషనునడిగిందో
నేను తేల్చుకోలేదు.

అయిపోయాక చాలాసేపు పైకప్పు చూసి
"ఒలే, బెహరా మంచి పనే సేసినాడు" అంది.
"మళ్ళీ పెట్టు. మనకాడికే."

మొదటినుంచి పెట్టి
బొటనవేలు తెర పైన ఉంచి కూర్చున్నాను.
జీడి పాలు కాల్చి కాల్చి
నున్నగా అయిపోయిన వేలు ఇది.
రేషను మిషను దీన్ని గుర్తుపట్టదు,
ఫోను ఒక్కోసారి పట్టించుకోదు.

బృందావతి కళ్ళు మూసుకుంది.
నోరు అప్పుడే సున్నా చుట్టుకుంది.
వయొలిన్లు ఆగబోతున్నాయి.