తిరగెయ్యని సంచీ

మంచు ఆగి మూడు రోజులైనా
ఫెర్రీ ఇంకా రేవు దాటలేదు.
ఈ న్యూఫౌండ్లాండ్ మూలకి జిప్పు రావాలన్నా సముద్రం ఒప్పుకోవాలి.
దుకాణంలో ఒకే ఒక్కటి ఉంది, ఎర్రది,
బొమ్మ గౌనుకి చాలుతుంది.

అందుకని ఆంబ్రోస్ పాత పడవకోటు విప్పాను.
మోచేతుల దగ్గర నురగ బయటికొచ్చి
పదకొండేళ్లుగా షెడ్డులో మేకుకి వేలాడుతోంది.
"కోటు పోయింది గానీ పళ్లు గట్టివే" అన్నాడు,
తన పళ్లు తీసి గ్లాసులో వేస్తూ.
ఇత్తడి జిప్పు. ఉప్పు తిని పచ్చబడింది.
కొవ్వొత్తి ముక్కతో రుద్దాను పైకీ కిందికీ,
మొండిపిల్లకి చిక్కు తీసినట్టు.

ఎఫీ, నువ్వు పంపిన ఐస్‌క్రీమ్ డబ్బా అందింది.
రెండు కత్తెరలు, కుట్లు విప్పే కొక్కెం,
మొదటి ఏడంగుళాలూ చెరిగిపోయిన టేపు,
పద్నాలుగు కండెలు, ఒక్కటీ నిండుగా లేదు.
నీ అంగుస్తానా నా వేలికి వదులు.
అడుగున చీటీ:
"బెజ్జం కనబడ్డం లేదు. ఇవి నువ్వే వాడుకో."
అక్షరాలు గీత వదిలి
వాలు దిగి వెళ్లిపోయాయి.

డబ్బాలో పెట్టి దాచే సామానా ఇది?
చేపల ఫ్యాక్టరీలో మనం తొడుక్కున్న నీలం అంగీలు కత్తిరించాను.
నీ వంటింటి పసుప్పచ్చ తెర మిగులు,
ఆంబ్రోస్ పైజామా చారలు, మధ్యలో దూది,
వెనక అస్తరు.
గళ్లు గళ్లుగా బొంతకుట్టు వేస్తుంటే
మూడు పొరలూ మూడు దారులు పట్టాయి.
మందం వచ్చిన చోటల్లా మిషను దగ్గింది,
రెండు సూదులు విరిగాయి,
ఒక తిట్టు నోరు జారింది. చర్చిలో చెప్పకు.

నాలుగో వైపు కూడా కుట్టేసి, దారం తెంపి,
తిరగేద్దామని చూస్తే
జిప్పు మూసి ఉంది.

నలభయ్యేళ్లుగా కుడుతున్నాను!
తెరిచి ఉంచాలని నాకు నేర్పిందే నువ్వు.
లాగే కొస లోపల, నేను బయట.
అర్ధరాత్రి దాటింది, కొక్కెం చేతికి రాలేదు,
అలాగే బల్ల మీద వదిలేసి పడుకున్నాను.

పొద్దున్న టీ తాగుతూ చూశాను దాన్ని,
పోగులు, ముడులు, వంకర టాకాలు, అన్నీ నావే.
వాటి మధ్య, నా అంగీ జేబు అంచున,
వేలెడంత పొడుగున సన్నటి కుట్టు. అది నాది కాదు.
గుర్తొచ్చింది. కత్తి జారి జేబు చిరిగిన రోజు
మధ్యాహ్నం బెల్లు కొట్టేలోపు
చేతులకి పొలుసులు అంటుకునే ఉండగా
నన్ను నిలబెట్టే కుట్టేశావు.
"ఊపిరి పీల్చకు, గుచ్చుకుంటుంది" అన్నావు.
తిరగేస్తే ఇది లోపలికి పోతుంది.
కాసేపు తిరగెయ్యలేదు.

తర్వాత కళ్లు మూసుకున్నాను.
చూపుతో అయ్యే పని కాదది.
బట్ట మీంచి వేళ్లతో తడుముతూ పోతే
పప్పుగింజంత గట్టిగా తగిలింది జారుడు.
గోటితో పంటికొకసారి నెట్టాను.
అరగంట పట్టింది వేలు దూరే సందుకి.
ఆ తర్వాత అంతా ఒక్కసారిగా వచ్చేసింది,
అల్లికపుల్లతో పొడిచినా
ఒక మూల మాత్రం మొద్దుగానే ఉండిపోయింది.

ఈ సంచీ నాకు కాదు, ఎఫీ.
నీ సామానంతా అందులోనే సర్దాను.
మూత లోపల ఉన్నిగుడ్డ పట్టీ ఉంది, తడిమి చూడు,
పద్నాలుగు సూదులు, పద్నాలుగు కండెల దారం
ఎక్కించి, కొస ముడేసి గుచ్చాను.
ఎడమ చివర తెలుపు, కుడి చివర నలుపు,
మధ్యలో ఏది ఏదో నీ ఇష్టం.
అన్నీ అయిపోయాక
ఖాళీ సూదులతో సంచీ ఫెర్రీ ఎక్కించు,
మళ్లీ ఎక్కించి పంపుతా.

జిప్పు బిగుసుకుంటే కొవ్వొత్తి రుద్దమంటున్నాడు ఆంబ్రోస్.