పసుపు తేలితే

మా ల్యాబులో పసుపు శుభం కాదు.
కొత్తగా చేరిన పిల్లలకు మొదటిరోజే చెప్తాను:
గడపకు పూసుకోండి, పాదాలకు పూసుకోండి,
ఈ గాజుగొట్టంలో మాత్రం కనపడకూడదు.

చిత్తూరు, రాత్రి రెండున్నర.
యాదమరి పాలు, ఐరాల పాలు, గుడిపాల పాలు
ఏ ఆవువో ఏ కేనువో గుర్తు లేకుండా
ఒకే ట్యాంకరులో కలిసిపోయి వచ్చాయి.
బంగారుపాళ్యం దేశమ్మ పోసిన లీటరున్నర కూడా
ఇందులోనే ఎక్కడో.
డెబ్బై రెండు డిగ్రీలు, పదిహేను సెకన్లు.
అన్నిటికీ ఒకటే శిక్ష.

పాలలో ఒక ఎంజైము ఉంటుంది, ఫాస్ఫటేజ్.
దూడ కోసం బయల్దేరి డెయిరీకి వచ్చిపడింది.
దగ్గర దగ్గర ఐదొందల అమినో ఆమ్లాలు
ఒకదాని చెయ్యి ఒకటి పట్టుకుని
ఎవరూ చెప్పకుండానే మడతలు పడతాయి.
ఆ మడతల సందులో ఒక చిన్న గుంత,
గుంతలో రెండు జింకు రేణువులు, పక్కన ఒక మెగ్నీషియం.
ఫాస్ఫేటు దొరికితే అక్కడే కొరుకుడు.

వేడికి అది చస్తుందని పుస్తకం రాసింది.
నాకైతే చీర కుచ్చిళ్ళు ఊడినట్టు కనిపిస్తుంది.
గుడ్డ అదే. పొడుగు అదే. ఒక్క పోగు తెగలేదు.
అయినా కట్టుకుని నాలుగడుగులు వెయ్యలేవు.

క్షయ క్రిమి కన్నా ఇది కాస్త మొండిది.
వేడిలో ముందు క్రిమి పోతుంది, తర్వాతే ఇది.
అందుకే దీన్ని సాక్షిగా పెట్టుకున్నాం.
ఇది నోరు మెదపకపోతే
ఊరు నిశ్చింతగా కాఫీ తాగొచ్చు.

ఒక మిల్లీలీటరు పాలు, ఐదు మిల్లీలీటర్ల మందునీళ్ళు,
ముప్పై ఏడు డిగ్రీల నీళ్ళతొట్టి.
నా ఒంటి వేడీ అంతే,
పట్టుకుంటే గొట్టం చల్లగానూ లేదు, వెచ్చగానూ లేదు.

అరగంటకు పసుపు.
ఎక్కువేం కాదు,
మల్లెపూవు వాడబోయే ముందు అంచున వచ్చేంత.

బాయిలరు గంగులప్ప తొంగి చూశాడు.
"రంగు నీ కండ్లల్లో ఉండాదిమ్మే, గొట్టంలో ల్యాదు."
బయట చెంగల్రాయులు ఇంజను ఆపకుండా కూర్చున్నాడు,
తెల్లారేలోపల తిరుపతి చేరాల ప్యాకెట్లు.

నాకూ అనుమానమే.
పని నేర్పిన సారు పిపెట్టును నోటితో పీల్చేవాడు.
ఒకసారి ఆయన ఉమ్మి చుక్క పడి
నాలుగువేల లీటర్లు ఆగిపోయాయి.
ఈ ఎంజైము మన ఎంగిట్లోనూ ఉంటుంది మరి,
ఎముకల్లోనూ, ఎదిగే పిల్లల ఎముకల్లో ఇంకా ఎక్కువ.
పాలు బాగానే కాగాయి,
మనిషే పచ్చిగా ఉన్నాడని నవ్వుకున్నాం ఆ రోజు.

చేతులు కడుక్కున్నాను. కొత్త గొట్టాలు.
పక్కన మరగకాచిన పాలది ఒకటి, సరిచూసుకోడానికి.
మరిగింది తెల్లగానే ఉంది.
ఇది మళ్ళీ మల్లెపూవే.

ఆపండి అన్నాను.
చెంగల్రాయులు తాళం తిప్పాడు.
అప్పటిదాకా ఇంజను మోతలో ఉన్నామని
అప్పుడే తెలిసింది.

ప్లేట్లు విప్పారు.
పదకొండో రబ్బరు గ్యాస్కెట్టు మీద గోటిగాటంత చీలిక.
వెయ్యి చుక్కలకు ఒక పచ్చిచుక్క జారింది.
ఆ చుక్కలోది కుచ్చిళ్ళు చెదరకుండా వచ్చి
తన పని తాను చేసుకుంది.
దానికి నా మీద ప్రేమ లేదు,
గంగులప్ప మీద కోపమూ లేదు.

గంగులప్ప ఏమీ అనలేదు.
బీడీ ముట్టించకుండా నోట్లో పెట్టుకుని
చాలాసేపు ఆ రబ్బరునే తిప్పి తిప్పి చూశాడు.

పాలు మళ్ళీ కాగాయి.
దేశమ్మ లీటరున్నరా రెండోసారి వేడెక్కింది.
ఆరున్నరకు గొట్టం తెల్లగా.
సంతకం పెట్టాను, తేదీ తప్పు రాసి కొట్టేసి మళ్ళీ పెట్టాను.

ఇంటికొచ్చి కాఫీకి పాలు పెడితే
పైన తొరక కట్టింది.
చెంచాతో ఎత్తాను,
ముడతలు ముడతలుగా వేలాడింది.
నిద్రమత్తులో రెండో చెయ్యి
కుచ్చిళ్ళు సర్దబోయింది.