ముప్పావు

టైమ్ జోన్ సంగతి ఏమీ చెప్పకపోతే
ఈ ఫ్రేమ్‌వర్కు తానింకా షికాగోలోనే ఉన్నాననుకుంటుంది.
దాని తప్పేం లేదు.
రాసినవాళ్ళ కిటికీలోంచి ఆ ఊరే కనపడేదేమో.
నా కిటికీలో ఉప్పు.
చాథమ్ దీవి, వైతాంగి రేవు, రేడియో గది.

జాబితాను కిందికి, ఇంకా కిందికి జరిపాను.
ఆక్లండ్ దగ్గర వేలు ఆగబోయింది.
అందరూ ఆగేది అక్కడే.
వార్తల చివర వాతావరణం చెప్పే అమ్మాయి
మమ్మల్ని మరిచిపోయి నవ్వేసేదీ అక్కడే.
ఇంకాస్త తూర్పుకి పోతే మేం:
గ్రీనిచ్‌కి పన్నెండూ ముప్పావు ముందు.
అందరికీ గంటలు గంటలుగా పంచి
అడుగున మిగిలింది మాకు గీకి పెట్టినట్టు.

"అయిందా?" అంది ఎరేనా, టీ నా మోచేతి పక్కన పెట్టి.
ముప్పయ్యేళ్ళుగా పడవల రాకపోకలన్నీ
ఆమె నోటుపుస్తకంలోనే. పెన్సిలుతో.
సిరా తడిస్తే అలుక్కుపోతుందని.
పేరు పక్కన రెండు గళ్ళు: వెళ్ళింది, వచ్చింది.
రెండో గడి నిండకపోతే ఆమె ఇంటికి కదలదు.
అంతే ఆమె ప్రోగ్రాము.

నాది అంతకంటే తెలివైనది.
టైములన్నీ గ్రీనిచ్ లెక్కన దాచి
తెరమీద మాత్రం మా లెక్కన చూపిస్తుంది.
తెల్లారి రాతిరొయ్యలు పట్టినవాడి చీటీమీద
ఇక నిన్నటి తేదీ పడదు.
తేదీలో నెల కంటే ముందు రోజు వస్తుంది.
చిన్నవే. కానీ ఆ మధ్యాహ్నం
సముద్రానికి ఇస్త్రీ చేసినంత గర్వం నాకు.

సాయంత్రానికి తెరంతా పచ్చగా ఉంది.
పదకొండు పడవలు. పదకొండూ వచ్చాయంది.
ఎరేనా తెర చూడలేదు.
కిటికీ తెరిచి, గాలికి కళ్ళు చికిలించి,
వేళ్ళు మడుస్తూ లెక్కపెట్టింది.
పది.

పిరిపి పడవ కోరిమాకో.
వెళ్తున్నప్పుడు నొక్కాడు, వచ్చినట్టు నొక్కలేదు.
నొక్కని గడిలో ఏముండాలో
మూడు వారాల కిందట నేనే రాశాను,
టెస్టులు గబగబా దాటితే చాలని:
వచ్చింది. డిఫాల్టు: అవును.

మౌనం అర్ధాంగీకారమంటారు.
మిగతా సగం నేను కలిపాను.

ఆమె మైకు అందుకుంది.
కోరిమాకో, కోరిమాకో.
గరగర.
మళ్ళీ పేరు. మళ్ళీ గరగర.
టీ చల్లారి మీద మీగడ కట్టింది.
ముప్పావు గంట. గోడ గడియారం చూస్తూనే ఉన్నాను,
చూడ్డం తప్ప నాకు చేతనైంది లేక.
ఇంజను చచ్చి, పిట్ దీవి వైపు కొట్టుకుపోతున్న మనిషి
ముందొక బూతు మాట పలికాడు,
తర్వాత తానెక్కడున్నాడో చెప్పాడు.
అంత తియ్యటి బూతు నేను వినలేదు.

లాక్కొచ్చే పడవ రేవు దాటాక
ఆ ఫైలు మళ్ళీ తెరిచాను.
'అవును' కొట్టేసి 'కాదు' అని కొట్టబోయి ఆగాను.
అది కూడా నా ఊహే కదా.
ఖాళీ వదిలాను.
ఖాళీగా ఉన్నంతసేపూ ఎర్రగా వెలగమన్నాను.
తెలియదు అని ఒప్పుకోవడానికి
ఒకటిన్నర గీత కోడు పట్టింది.

వెనక ఎరేనా పెన్సిలు చెక్కుతోంది.
రేవులో తాడు విసిరిన చప్పుడు, ఎవరిదో కేక.
కోరిమాకో ఎదురుగా రెండో గడిలో
తొమ్మిదీ పది, అని వేసింది.
ఏ ఊరి తొమ్మిదీ పది అని
ఆ పుస్తకం ఆమెను ఎన్నడూ అడగలేదు.