ప్రదేశం అనే గడి

కార్తీకం వానలో కావలి రైల్వే గేటు దాటాక
వాగు గట్టు మీదికి బండి ఎక్కదు.
ఐసు పెట్టె భుజాన వేసుకుని నడిచాను.
పాలపర్తి అంకాలు అప్పటికే
పార కడిగి గోడకి ఆనించింది.

"పదకొండు ఈనింది సారూ. తొమ్మిది పోయినాయి.
మిగిలిన రెండూ పొద్దున్నించీ
పాలు తాగతా ఉండాయి, ఎనక్కి పోస్తా ఉండాయి."

పసుపు నీళ్ళు. పులిసిన పాల వాసన.
మూడు రోజుల పిల్ల, అరచేతిలో పట్టేంత,
చర్మం పట్టి లాగితే
లాగినచోటే నిలబడిపోతోంది.
దూది పుల్ల పెట్టినప్పుడు నోరు తెరిచింది,
అరుపు రాలేదు.
తల్లి లేచి నా మోకాలిని ముట్టెతో తోసింది.
గొట్టానికి మూత బిగించి
పదిహేడు అని రాశాను.

"ఏం జబ్బు సారూ?"

తెలుసు. తెలిసినట్టే.
ఆ మాట మాత్రం నోట్లోనే మింగేశాను.
అప్పుడు, హోటళ్ళు మూతపడి కుడితి దొరక్క
ఈమె తవుడు అప్పు తెచ్చి మేపిన ఏడు,
వార్డు వాళ్ళు కర్రలు పట్టుకొచ్చి
మీ పందులే తెచ్చాయన్నారు.
ఇది అది కాదు.
ఇంటిపేరు ఒకటే, కాపురం వేరు.
మనిషి జోలికి రాదు.
ఇంత విడమరిచి చెప్పేదాకా
కర్ర పట్టుకున్నవాడు ఆగుతాడా?

"విరోచనాల పురుగమ్మా" అన్నాను.
"పురుగుకి పేరుండదా?" అంది.

మూడు నెలలకి కాగితాలొచ్చాయి.
నాలుగే అక్షరాలు, ఏ, టీ, జీ, సీ,
ఇరవై ఎనిమిది వేల చోట్ల,
దీర్ఘం లేదు, పొల్లు లేదు,
ఊపిరి తీసుకునే చోటు లేదు.
పేగు గోడని పట్టుకునే ముల్లు దగ్గర
పాత నమూనాలో ఉన్న తొమ్మిది అక్షరాలు
ఇందులో రాలిపోయాయి.
నడుమ ఒక ముక్క ఇంకో వైరస్‌ది.
ఎక్కడో, ఏ పంది పేగులోనో,
రెండూ ఎదురుపడి
ఒకదాని పేజీ ఒకటి చింపుకున్నాయి.
వంశం గీసి పంపిన బొమ్మలో
పదిహేడు ఎవరి పక్కనా వాలలేదు.
ఒంటి రెమ్మ.

"కొత్తది సార్!" అంది ల్యాబులో అమ్మాయి, ఫోన్లో.
నేనూ ఒక్క క్షణం సంతోషపడ్డాను.
ఆ క్షణం సంగతి
ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు.

కాగితం తీసుకెళ్ళి అంకాలుకి చూపించాను.
తడి చెయ్యి చీరకి తుడుచుకుని
వేలితో ఒక వరస వెంట కొసదాకా వెళ్ళింది.
"మా యమ్మ చెయ్యి పట్టి ఎరుక చెప్పేది.
నాకది రాలా. పందులొచ్చినాయి."
కాసేపాగి,
"వచ్చే ఈత బతకద్దో లేదో ఇందులో ఉండాదా?"
లేదు.
"మా గట్టు పేరుండాదా?"
లేదు, ఇంకా.
"ఇంకా అంటే?"

ఆ రాత్రి ఫారం తెరిచాను.
జంతువు. వయసు. తేదీ. ప్రదేశం.
ఊరు రాస్తే దాన్ని ఊరి పేరుతోనే పిలుస్తారు,
పేపరు వాడు కూడా.
రాయకపోతే,
ఎప్పుడో దీని జాడ వెతుక్కుంటూ వచ్చేవాడు
పెన్నా వంతెన దగ్గరే దారి తప్పుతాడు,
వాడి చేతిలో ఇంకెన్ని గొట్టాలుంటాయో.
నెల్లూరు జిల్లా అని కొట్టాను.
పక్కన కావలి అని కొట్టాను.
వెలిగి ఆరుతున్న గీతను చాలాసేపు చూశాను.

అది పోగొట్టుకున్నవి తొమ్మిది అక్షరాలు.
నేను తీసేసినవి మూడు.

ఉగాది ముందు అంకాలు ఫోను:
"పన్నెండు ఈనింది సారూ.
తాగతా ఉండాయి. నాలుగో రోజు.
ఎనకమాల కూడా చూశా..."
గేటు మీదుగా పినాకినీ పోతున్న చప్పుడులో
మిగతా మాట వినపడలేదు.
"చెప్పమ్మా" అన్నాను,
"చెప్పమ్మా."