గడి లేని లెక్క

నీళ్ళు వేడెక్కించాను. చల్లార్చాను. మళ్ళీ వేడెక్కించాను.
మూడు రాత్రులుగా ఇదే వంట.
తొట్టె అడుగున పదకొండు గుల్లలు
నోరు విప్పవు,
అప్పులవాడు వచ్చాడని గడియ వేసుకున్న ఇళ్ళలా.

అఖాతమంతా తవ్వితే దొరికినవి ఈ పదకొండే.
మా అమ్మమ్మ మత్రోనా నమ్మదు.
"అడుగు వేస్తే చాలు, ఇసకలోంచి చిమ్మేవి రా,
మోకాళ్ళ దాకా తడిసిపోయేవాళ్ళం."
తర్వాత భూమి కదిలి ఒడ్డు మనిషెత్తు లేచింది.
తర్వాత ఓడ పగిలి నల్లనూనె.
తర్వాత నీటికుక్కలు తిరిగొచ్చాయి, ఆకలితో.
తర్వాత
బకెట్లలో బంగాళాదుంపలు పెట్టుకున్నారు మా ఊళ్ళో.

నాలుగో రాత్రి, రెండూ ఇరవైకి,
ఓ మూలనున్న గుల్ల
దారమంత పాలు వదిలింది.
చేతిలో టీ ఎక్కడ పెట్టానో ఇప్పటికీ తెలీదు.
దాన్ని చూసి ఇంకోటి, ఆ పక్కది,
తెల్లారేసరికి తొట్టె నిండా
బియ్యం కడిగిన నీళ్ళు.

సూక్ష్మదర్శిని కింద ఒక్కో చుక్కా ఓ తిరునాళ్ళు.
ఒంటి చుట్టూ నూగుతో గిరగిరా తిరిగేవి, గుద్దుకునేవి.
సీసాల్లో పెంచిన పాచి పోశాను,
ఒకటి పెసర రంగు, ఒకటి డికాషన్ రంగు.
నూటికి తొంభై తొమ్మిది పోతాయని తెలుసు.
తెలిసే పోస్తాం మేత.

పదహారో రోజు ఒకదానికి కాలొచ్చింది.
ఈదుతూ ఈదుతూ ఆగి
నేలను తడిమింది, చీకట్లో స్విచ్చి వెతికే చెయ్యిలా.
ఇక ఈదలేదు.
వాటికి పెద్దమనిషి కావడమంటే అదే.

మూడో వేసవి. రాత్రి పదకొండుకీ వెలుగు పోని అలాస్కా జూన్.
ఏడాదికంతా అడుగంటిన పోటు.
వల ఎత్తి, పార పక్కన పడేసి
చేతుల్తో తవ్వుతోంది డెబ్బై ఎనిమిదేళ్ళ మత్రోనా.
నేను లెక్క రాస్తున్నాను:
నాటినవి నాలుగు వేలు. ఉన్నవి నూట పన్నెండు.
పోయినవాటికి గడులు:
మంచు. నక్షత్రచేప. నీటికుక్క. తెలియదు.

ఉన్నవాటిలో పెద్దది, కోటు బొత్తామంత,
ఆమె గోటితో విప్పి
గుటుక్కున నోట్లో వేసుకుంది.
"అమ్మమ్మా! లెక్క!
విషం పరీక్ష చీటీ కూడా రాలేదింకా!"

చెయ్యెత్తి ఆగమంది.
పళ్ళ మధ్య ఇసక కరకరలాడింది.
నాకు వినబడేంత.

"ఏ గడిలో రాయను నిన్ను?"
"నీటికుక్కలో రాయి,
దానికీ నాకూ పాత తగువేగా."

రాశాను. నూట పదకొండు.
నీళ్ళు మళ్ళాయి, బూట్ల మడమలు ముట్టుకున్నాయి,
లేవమని భుజం తట్టాను.
అంత చిన్న ముక్కని
ఇంకా నములుతూనే ఉంది.