బ్రేకు తీగ

పేరు త్రెస్. అంటే మూడు.
లెక్కపెడితే ఆరు తీగలు.
"మరి ఆరని ఎందుకనరు?" అడిగాను.
"మొగుడూ పెళ్ళాలని ఇద్దరంటామా,
ఒక ఇల్లంటాం" అన్నాడు ఎవేలియో.
ఆయన పెళ్ళి చేసుకోలేదు.

యతేరాస్ కొండ మలుపులో నాది సైకిళ్ళ కొట్టు,
పక్కనే రేకుల కింద ఆయన చెక్కపని.
నలభై ఏళ్ళు చక్కెర మిల్లులో
గానుగ పళ్ళచక్రాలకి నూనె పెట్టిన చెయ్యి
మిల్లు మూతబడ్డాక ఉలి పట్టుకుంది.
రోజూ మధ్యాహ్నం కరెంటు పోతుంది.
మాకది గడియారం.

చెక్క ఎక్కడిదంటే,
పోయినేడు తుఫానుకి ఇల్లు కూలి
అక్క జొరాయిదా బీరువా ఒక్కటే నిలబడింది.
సెడ్రో అంటారిక్కడ, పురుగు ముట్టని ఎర్రచెక్క.
అక్క అంతకుముందే వెళ్ళిపోయింది.
తలుపు ఊడదీసి భుజాన తెచ్చాడు.
లోపలివైపు, అద్దం బిగించిన చోట
నిలువుగా ఒక తెల్లటి మచ్చ,
ముప్పై ఏళ్ళు వెలుతురు తగలని చెక్క.
చిత్రిక పడితే పోతుంది.
అక్కడిదాకా వచ్చి చిత్రిక ఆపేస్తాడు.
"పలచనైపోతుంది" అంటాడు,
కొలవకుండానే.

పక్కచెక్కలు రాత్రంతా నానబెట్టి
బొగ్గుల మీద కాలిన నీటిగొట్టానికి అదిమి వంచాడు.
చుయ్‌మంది. ఆవిరి లేచింది. వంగింది.
ఒకటి విరిగింది.
దాన్నేమీ అనలేదు, పొయ్యిలో పెట్టి
దాని మంట మీదే ఇంకొకటి వంచాడు.
తోలుముక్కలు ఉడికించిన వజ్రం కంపుకి
నా దగ్గరికి పంక్చరని వచ్చినవాళ్ళు
గాలి కొట్టించుకోకుండానే పోయారు.
బిగించే పట్టీలు నావే:
పాత ట్యూబులు నిలువునా కోసి
కాలు విరిగినవాడికి కట్టినట్టు కట్టాం,
ఆరు రోజులు.

మెట్లకి ఇత్తడి మేకులు సాగగొట్టాడు.
గుర్రం ఆవు ఎముక,
ఆదివారం పులుసులో మిగిలింది.
బిరడాలు ఎవరిదో చచ్చిన గిటారువి,
ఒకటి తప్పువైపు తిరుగుతుంది.

తీగల దగ్గర ఆగిపోయాం.
గ్వాంతానామో బజారంతా గాలిస్తే అయిదు దొరికాయి.
"అయిదింటితో వాయిస్తే ఏం?" అన్నాను.
ఒంటి చెప్పుతో ఊరెళ్ళమన్నట్టు చూశాడు.
"జంటలో ఒకటి లేకపోతే
రెండోదానికి తను ఎంత ఎత్తులో ఉందో తెలీదు."

ఆ రాత్రి దీపం దగ్గర
నా సైకిలు ముందు బ్రేకు తీగ లాగి పురి విప్పాను.
వెనక బ్రేకు ఎప్పుడో పోయింది.
పంతొమ్మిది ఉక్కు పోగులు,
విప్పినా పురి అలవాటు మానక
ఉంగరాలు తిరిగిపోతున్నాయి.
మూడు తెగాయి. నాలుగోది నిలిచింది.

ఎవేలియోకి ఒక చెవి మిల్లే తినేసింది,
రెండోది సగం.
అందుకని తీగ బిగించి
త్రెస్ తలకట్టు పళ్ళమధ్య కరిచిపట్టి
మీటాడు.
నేను విన్నది సన్నగా, కొంచెం తుప్పు గొంతు.
ఆయన ఎముకల్లో ఏం వినిపించిందో నాకు తెలీదు.
బిరడా వెంట్రుకవాసి తిప్పాడు,
తప్పువైపు తిరిగేది అదే,
మళ్ళీ కరిచాడు.
చెక్క మీద రెండు పంటిగాట్లు.
గరుకు కాగితం అందిస్తే వద్దన్నాడు.

ఆరు తీగలూ ఆ తెల్లమచ్చ మీదుగానే వెళ్తాయి.
"అక్క తల దువ్వుకునేటప్పుడు
ముఖం కనపడే చోటు కదా" అన్నాను.
"అంత పొట్టిది కాదులే" అన్నాడు.

పొద్దున్నే కొండ దిగాను, బ్రేకు లేకుండా.
మలుపు మలుపుకీ ఎడమకాలు నేలకానించి
మడమతో ఆపుకుంటూ,
రబ్బరు కాలిన వాసన,
మేకలు తలోవైపు,
పైన రేకుల కింద
అదే మీటు, మళ్ళీ అదే మీటు,
ఇంకా కుదరలేదు కాబోలు.

సోమవారం కొత్త చెప్పులు అడుగుతాను.
ఎక్కణ్ణించి తెస్తాడు?
పాత టైరు కోసి చేసిస్తాడు,
ఒక్కటే,
ఎడమకాలిది.