తడి లెక్క

సొహార్‌లో ఆట రాత్రి ఎనిమిదికి.
జిమ్ము పక్క తలుపు సరిగా మూసుకోదు,
ఆ సందులోంచి చేపల మార్కెట్టు వాసన లోపలికొచ్చి
మూడో వరసలో నా పక్కనే కూచుంటుంది.

ఒళ్ళో లాప్‌టాప్. అందులో పదకొండు ఆటలు,
బంతి మన చేతికొచ్చిన ఏడువందల ఎనభై నాలుగు సార్లు,
ఒక్కోసారీ ఏమైందో ఒక్కో గడి.
పగలు నేను స్టాండర్డ్ డీవియేషన్ చెబుతుంటే
ఈ పిల్లలే నిద్రపోతారు.
రాత్రి వాళ్ళు పరుగెత్తుతుంటే
నేను మేలుకుని వాళ్ళని భాగిస్తుంటాను.

కోచ్ నిజార్‌ది ట్యునీషియా. స్కోరు బోర్డు తప్ప వేరే సాక్షి అక్కర్లేదు.
“మర్వాన్ ఇరవై రెండు కొట్టాడు, చూశావా!”
చూశాను. పాతిక బంతులు మింగి ఇరవై రెండు కక్కాడు.
మూడు పాయింట్ల బుట్టని ఒకటిన్నరగా లెక్కగట్టినా
నూటికి ముప్పై ఎనిమిది దాటలేదు.

నా నిద్ర చెడగొట్టింది మర్వాన్ కాదు.
హైథమ్ బలూషీ, ఏడో నంబరు. సగటున రెండు పాయింట్లు.
రీబౌండ్లు వేళ్ళ మీద లెక్కపెడితే ఇంకా వేళ్ళు మిగుల్తాయి.
అయినా అతను లోపలుంటే
వందసార్లకి మనం పద్నాలుగు ఎక్కువ,
బెంచీ మీదుంటే తొమ్మిది తక్కువ.
ఎందుకు?
పట్టికని ఎటు తిప్పినా అదే మాట చెప్పింది,
కారణం మాత్రం చెప్పలేదు.
శాంపిల్ చిన్నది, కాకి లెక్కలు, అనుకున్నాను.
మూడు వారాలు అలాగే అనుకున్నాను.

టైమౌట్‌కి గంగారాజం వస్తాడు, మాపు కర్రతో.
మెట్‌పల్లి దగ్గర ఊరు. పదహారేళ్ళుగా ఒమన్‌లో
నేలలే ఆయన చదువు: ఆసుపత్రి నేల, మాల్ నేల, ఇప్పుడిది.
ఒకరోజు నా తెర మీదికి వంగి
“గా ఏడో నంబరు పిలగానికి గింతేనా మేడం?
గాడు వడ్డ కాడ తుడిసిందే తుడుస్తున్న గద” అన్నాడు.

పాలపొడి అట్టపెట్టె చింపి దాని మీద కోర్టు గీశాడు
బాల్‌పెన్నుతో. చెమట ఉన్నచోటల్లా గింజంత చుక్క,
పక్కన నంబరు.
మాపు గుడ్డలు లెక్కపెట్టి ఇస్తాడట సూపర్‌వైజరు,
ఎక్కడ ఎక్కువ తడుస్తుందో తెలిస్తే
ఓ గుడ్డ మిగుల్తుందని మొదలెట్టాడు.
గీత బయటికి పోయే బంతి వెంట ఏడు.
దూసుకొచ్చేవాడికి అడ్డం నిలబడి వెల్లకిలా పడ్డచోట ఏడు,
మళ్ళీ ఏడు.
మర్వాన్‌ది ఒక్క చుక్క,
అదీ నీళ్ళ సీసా ఒలికింది.

నా సూత్రంలో ఫ్రీ త్రోల పక్కన ఒక అంకె ఉంటుంది,
సున్నా పాయింట్ నాలుగు నాలుగు.
వేలు పెట్టి “ఇదెక్కడ్నించి వచ్చె?” అన్నాడు.
వేల ఆటలు చూసినవాళ్ళు సగటు తీసి పెట్టారు, అన్నాను.
“అంటే గది గూడ ఎవ్వలో సూసి రాసిందే.”
నాకెందుకో మంచినీళ్ళు తాగాలనిపించింది.

ఆ రాత్రి ఒక నిలువు వరస కలిపాను. పేరు: తడి.
నిజార్ అదేదో గ్రీకు అక్షరం అనుకున్నాడు.
ఆ పద్నాలుగులో ఆరు తడివే.
మిగతా ఎనిమిది ఎవరివో ఇంకా తెలీదు.

తర్వాతి ఆట నిజ్వాలో. గంగారాజాన్ని బస్సెక్కించలేదు,
తుడిచేవాడికి బయటి ఊరి డ్యూటీ ఉండదన్నారు.
అక్కడ మాపు పట్టుకున్న కుర్రాడు కొత్త,
ఎప్పుడు లోపలికి రావాలో తెలీక నిలబడ్డాడు.
నేనే చుక్కలు పెడదామని కాగితం తీశాను.
కళ్ళు వింటేనా, బంతి వెంటే పోయాయి.
హైథమ్ మోచేతి మీద నెత్తురు చూసేసరికి
నాలుగో క్వార్టరు.

దారిలో గంగారాజం వాయిస్ మెసేజి: “ఎన్ని, మేడం?”

సున్నా వేయబోయి ఆగాను.
మొదటి వారమే చెబుతాను పిల్లలకి,
సున్నా వేరు, ఖాళీ వేరు అని.
గడి అలాగే వదిలేసి
కిటికీకి తల ఆనించి నిద్రపోతున్న ఏడో నంబరుని
సొహార్ దాకా చూస్తూ కూచున్నాను.